పిచ్చుక బరువు

ఆసుపత్రి ఎదురు సందు, అద్దె గది
ఆదివారం

పిచ్చుకకు,

మీ అన్నయ్య నిన్ను పిలిచే పేరుతోనే మొదలుపెడుతున్నాను. ఆరేళ్లుగా నీకూ నాకూ మాటల్లేవు. ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను గానీ, నా గొంతు వినగానే పెట్టేస్తావేమోనని ఆగిపోయాను. పైగా ఈ గదిలో ఎంత మెల్లగా మాట్లాడినా ఆయనకు వినపడుతుంది. అందుకే ఉత్తరం.

పోయిన వారం నువ్వొచ్చి రక్తం ఇచ్చి, స్కానింగు చేయించుకుని, నా ముఖం చూడకుండానే బస్సెక్కేశావు. ఫలితాలు వచ్చాయి. నీ గ్రూపు ఆయనకు కలిసింది. నాది కలవదని ముందే తేలింది. మాకు పిల్లలు లేరు. ఇక మిగిలింది నువ్వే. నీ కాలేయంలో కొంత ముక్క కోసి ఆయనకు పెడితే, నీలో మిగిలినదీ పెరుగుతుందట, ఆయనలో పెట్టినదీ పెరుగుతుందట. సర్జన్ బొమ్మ గీసి మరీ చూపించాడు.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకో మాట చెప్పాడు. నీ కాలేయానికి బాగా కొవ్వు పట్టిందట. ఇప్పుడున్నట్టే కోస్తే నీకు ప్రమాదం, ఆయనకు ఉపయోగం లేదు. నువ్వు తొంభై నాలుగు కిలోలున్నావు. కనీసం పన్నెండు కిలోలు తగ్గితే అప్పుడు మళ్లీ చూస్తాం అన్నాడు. "ఎంత టైముందండీ?" అని అడిగాను. "కంగారుపడకండి, ఆలస్యం మాత్రం చేయకండి" అన్నాడు. ఆ రెండు మాటలూ కలిపి ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు.

చుక్క మందు ముట్టని మనిషికి కాలేయం ఎలా పోయిందని మీ ఆయన అడిగారట. ఇదే కొవ్వు, పిచ్చుకా. ఇప్పుడు నీకున్నదే ఒకప్పుడు ఆయనకూ ఉండేదట. నొప్పి లేదు, చప్పుడు లేదు. దానికి షుగరు తోడైంది. ఏళ్ల తరబడి లోపల్లోపలే గట్టిపడిపోయింది. లిఫ్టు షాఫ్టుల్లో తాడు కట్టుకుని వేలాడిన మెకానిక్ ఇప్పుడు మంచం దిగాలంటే నా భుజం పట్టుకుంటున్నారు.

నీకిష్టమైతేనే, బలవంతం లేదు అని రాయాలి. రాయలేకపోతున్నాను.

వదిన


బేకరీ వెనక గది
గురువారం

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. మైదా బస్తా మీద కూర్చుని జవాబు రాస్తున్నాను. ఇంట్లో రాస్తే మా ఆయన భుజం మీంచి తొంగిచూస్తాడు.

ఆరేళ్ల కిందట మీ కొత్త ఇంట్లో అందరం ఫొటోకి నిలబడినప్పుడు, "నువ్వు వెనక్కి వెళ్లమ్మా, నువ్వు ముందుంటే ఇంకెవ్వరూ పడరు" అన్నారు మీరు. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. ఆ ఫొటోలో నేను లేను. బాత్రూములో గొళ్లెం పెట్టుకుని ఉన్నాను. ఇప్పుడు అదే ఒంట్లోంచి ముక్క కావాలని రాశారు. చదవగానే నవ్వొచ్చింది. అది నవ్వు కాదని కాసేపటికి తెలిసింది.

చేస్తాను. అన్నయ్య కోసం చేస్తాను. మీరు బతిమాలనక్కర్లేదు.

ఎలా చేయాలో మాత్రం తెలియదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసేది కేకులు. క్రీములో తీపి సరిపోయిందా, చాక్లెట్టు సరిగ్గా కరిగిందా, నా నాలుకే చెప్పాలి. అంచులు విరిగిన కేకు పారేయడానికి చేతులు రావు, నోట్లోకి పోతుంది. మధ్యలో చక్కెర టీలు. ఇంటికెళ్లేసరికి నీరసం, ఆ నీరసంలో ఆవురావురుమని తినడం, తిన్నచోటే ఒరిగిపోవడం. తగ్గాలని ఎన్నిసార్లు మొదలుపెట్టానో. పొద్దున్నే తేనె నీళ్లు తాగాను. సూపుల మీద బతికాను. నడుముకు కట్టుకుంటే గడగడ వణికే బెల్టు ఒకటి కొన్నాను. అది కట్టుకుంటే నా నడుము తప్ప ఇల్లంతా కదిలేది.

మా ఆయనకు భయం. "ఆయన కడుపు కోసి, నీ కడుపు కోసి, ఇద్దరికీ ఏమైనా అయితే పిల్లకు ఏం చెప్పను?" అంటున్నాడు. తను బస్సుల డిపోలో ఇంజన్లు విప్పే మనిషి. విప్పినవి కొన్ని మళ్లీ బిగవవని తనకు తెలుసు.

ఏం తినాలో, ఏం మానాలో రాసి పంపండి.

మీ ఆడపడుచు


అద్దె గది
మంగళవారం

పిచ్చుకకు,

ఫొటో సంగతి చదివాను. డైటీషియన్ చెప్పినవి రాస్తున్నాను. చిన్నపిల్ల, మాట మాత్రం కరుకు.

మొట్టమొదట తాగే చక్కెర మానేయమంది. టీలో, రసాల్లో, సీసా పానీయాల్లో ఎంత తాగినా కడుపు దాన్ని లెక్కలోకి తీసుకోదట, కాలేయం మాత్రం తీసుకుంటుందట. కంచంలో సగం కూరగాయలు పెట్టుకో. మిగతా సగంలో కొంత గుడ్డో చేపో పప్పో, కొంత అన్నమో రొట్టో. ఇదివరకు అన్నం ఉన్న చోట కూర, కూర ఉన్న చోట అన్నం, అంతే తేడా. పనిలోకి ఖాళీ కడుపుతో వెళ్లకు. గుడ్లు తిని వెళ్తే విరిగిన కేకు నిన్ను అంతగా పిలవదట. క్రీము రుచి చూడక తప్పదు కదా అన్నాను. చెంచా కొసతో చూసి నోరు పుక్కిలించమంది.

నెమ్మదిగా తిను. కడుపు నిండిందని తలకు కబురందడానికి కాస్త టైము పడుతుందట. మనం ఆ కబురు రాకముందే రెండోసారి వడ్డించుకుంటాం. తిన్నాక కూర్చోకుండా పది పదిహేను నిమిషాలు నడువు. బాగా నిద్రపో. వారానికొక్కసారే బరువు చూసుకో. రోజూ చూసుకుంటే పిచ్చెక్కుతుంది. వారానికి అరకిలో, మహా అయితే కిలో. అంతకంటే తొందర వద్దంది.

మీ అన్నయ్య కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. ఒళ్లంతా దురద. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయి పొట్ట మాత్రం నీళ్లతో నిండింది. నిన్న తడుముకుని చూసుకుని, "మా పిచ్చుకను తగ్గమని చెప్పి నేనేమో గర్భవతినయ్యాను" అన్నారు. నర్సు నవ్వింది. నేను తువ్వాలు తడపడానికని బయటికి వచ్చేశాను.

వదిన


బేకరీ వెనక గది
శనివారం

వదినకు,

"గారు" రాయడం మరిచిపోయాననుకోకు. రాసి కొట్టేశాను.

తగ్గుతున్నాను! మా వీధి మందుల షాపులో తూకం ఎక్కితే ఎనభై తొమ్మిది చూపించింది. షాపాయన తూకం చెడిందనుకుని తను కూడా ఎక్కి చూసుకున్నాడు. బేకరీలో రెండో అంతస్తుకి ట్రేలు మోసుకుంటూ మెట్లే ఎక్కుతున్నాను. అన్నయ్య జీవితమంతా లిఫ్టులు బాగుచేస్తే చెల్లెలు మెట్లెక్కుతోందని చెప్పు, నవ్వుతాడు.

మొదటివారం తల పగిలిపోయింది. చక్కెర లేని టీ గొంతు దిగేది కాదు. ఇప్పుడు అలవాటైంది. ఆకలి కూడా పెద్దగా వేయడం లేదు. సాయంత్రాలు మా అమ్మాయిని వెంటేసుకుని రైలు పట్టాల దాకా నడిచి వస్తున్నాను. "అమ్మా, మనం ఎక్కడికెళ్తున్నాం?" అంటుంది. ఎక్కడికీ కాదంటే దానికి అర్థం కాదు. "మరి ఎందుకు నడవడం?" అంటుంది. మీ మామయ్య దగ్గరికి అన్నాను. రైలు పట్టాలు కనబడగానే మామయ్య ఏడని వెతికింది.

నా గురించి దిగులుపడకు. అన్నయ్యకు ఫోన్ ఇవ్వు, ఆదివారం చేస్తాను.

పిచ్చుక


ఆసుపత్రి, మూడో అంతస్తు
బుధవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. మెట్ల మాట విని పెదవి కదిపారు. మర్నాడు వాంతిలో రక్తం పడింది. ఆసుపత్రిలో చేర్చాం. గొట్టం వేసి లోపల రక్తనాళాలకు ముడి వేశారు. పొట్టలో నీళ్లు తీశారు. రెండ్రోజులు మనిషి మనిషిలా లేరు. నన్ను చూసి, "మీరు ఏ ఫ్లాటు వాళ్లండీ? లిఫ్టు సాయంత్రానికి సిద్ధం చేస్తాను" అన్నారు. "అలాగేనండీ" అన్నాను. ఏమనాలి? "నేను మీ పెళ్లాన్ని" అని చెప్పలేకపోయాను. ఒంట్లో విషం తలకెక్కితే అలా మాట్లాడతారట. మందులిస్తే తేరుకున్నారు.

మెదడు చనిపోయినవాళ్ల నుంచి వచ్చే కాలేయం కోసం పేరు నమోదు చేయించాం. మన ముందు చాలామంది ఉన్నారు. సర్జన్ ఈసారి "కంగారుపడకండి" అనలేదు.

పిచ్చుకా, ఇంకాస్త తొందరగా తగ్గలేవా? వారానికి కిలో అని రాసింది నేనే. కానీ నువ్వు రెండేసి తగ్గుతున్నావు కదా, ఒంటికి పడుతున్నట్టే ఉంది కదా. ఇంకొంచెం నోరు కట్టుకో.

వదిన


మా ఊరి ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు
సోమవారం

వదినా,

మా ఆయన ఫోన్లో చెప్పేశాడని తెలిసింది. తను కంగారులో ఏం చెప్పాడో, ఎంత పెంచి చెప్పాడో. జరిగింది ఇది.

ఓవెన్లోంచి ట్రే తీస్తుంటే కళ్లు బైర్లు కమ్మాయి. పడ్డాను. మోచెయ్యి ఓవెన్ తలుపుకు తగిలి కాలింది. అది పెద్దదేం కాదు. కుడివైపు డొక్కలో కత్తి దింపినట్టు నొప్పి వచ్చింది. స్కానింగు చేసి పిత్తాశయంలో రాళ్లన్నారు. రక్తం చూసి, కాలేయం వాచినట్టుందన్నారు. "ఈమధ్య ఏం తింటున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ. మా ఆయన పక్కనే ఉన్నాడు. అబద్ధం చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఆకలి వేయడం లేదని నీకు రాశాను. వేసేది. దోసకాయ ముక్కలు, నీళ్లు, చక్కెర లేని టీ, అంతే. నీ ఉత్తరం రాకముందే అలా మొదలైంది, కాబట్టి నువ్వు తొందరపెట్టావని కాదు. నువ్వు పంపిన పద్ధతి బాగానే ఉంది గానీ, అది బతకాలనుకునేవాళ్లకు. నాకు తూకం ముల్లు కిందికి దిగితే చాలనిపించింది. ముల్లు దిగింది. ఎనభై మూడు.

"కడుపు మాడ్చుకుని ఇంత వేగంగా తగ్గితే రాళ్లు వస్తాయి, కాలేయం ఇంకా చెడుతుంది. మీ అన్నగారికి ఇవ్వాల్సినదాన్నే పాడుచేసుకున్నారు" అంది డాక్టరమ్మ. తిట్టలేదు. తిడితే బాగుండేది.

బరువు తగ్గింది, కాలేయం చెడింది. ఇప్పుడు ఏం చేయాలి వదినా? తినమంటే భయంగా ఉంది. తినకపోతే ఇంకా భయం. పాలు తెచ్చి పెట్టారు, గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను.

నీ పిచ్చుక


ఆసుపత్రి, మూడో అంతస్తు
గురువారం

పిచ్చుకా,

ముందు ఆ పాలు తాగు.

నీ సంగతి చెబితే డైటీషియన్ పిల్ల నన్ను కూర్చోబెట్టి కడిగేసింది. "వారానికి కిలో అని ఎందుకు చెప్పాననుకున్నారు? నోటికొచ్చిందేదో చెప్పానా?" అంది. తలవంచుకుని విన్నాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమంది. మూడు పూటలా తినాలి. ప్రతి పూటా గుడ్డో చేపో పప్పో ఉండి తీరాలి. అది లేకుండా తగ్గితే కరిగేది కొవ్వు కాదు, కండ. కాస్త నూనె కూడా పడాలి, లేకపోతే రాళ్లు పెరుగుతాయట. రెండు మూడు కిలోలు తిరిగి వస్తాయి, వస్తే ఏడవొద్దంది. వారానికి రెండు రోజులు బరువులెత్తమంది. జిమ్ము అక్కర్లేదు, నీళ్ల డబ్బాలు చాలట. ఒకరోజు తప్పితే మర్నాడు మామూలుగా తినాలి, శిక్ష వేసుకోకూడదు. తినకుండా మాడినవాళ్లే చివరికి ఎక్కువ తింటారంది.

నాకు ఒక సాయం చేయి. ఇకమీదట ఏం తిన్నావో నాకు నిజం రాయి. కేకు తింటే కేకు అని రాయి. నేనేమీ అనను.

మీ అన్నయ్య ఫరవాలేదు. ఎక్కువగా నిద్రపోతున్నారు, అందుకే ఫోన్లోకి రావడం లేదు.

వదిన


ఇల్లు, వంటగది
వానలు పడుతున్న ఆదివారం

వదినా,

నిజం రాయమన్నావు, రాస్తున్నాను. పొద్దున రెండు గుడ్లు, రొట్టె. మధ్యాహ్నం చిక్కుళ్లు, చేప, గుప్పెడు అన్నం. సాయంత్రం ఒక జామకాయ. నిన్న ఎవరిదో పెళ్లి కేకు మీద గులాబీలు పెడుతూ క్రీము రెండు చెంచాలు తిన్నాను. ఆ తర్వాత శిక్షేమీ వేసుకోలేదు. నీళ్లు తాగి పని చేసుకున్నాను. జీవితంలో మొదటిసారి రెండు చెంచాల దగ్గర ఆగాను వదినా. కేకు ఇంకా అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను.

ఎనభై ఆరుకి వెళ్లి, మెల్లిగా దిగుతూ దిగుతూ ఇవాళ ఎనభైకి వచ్చాను. చెప్పులు వంగి కట్టుకుంటున్నాను. ఇదివరకు మా అమ్మాయి కట్టేది. మా ఆయన డిపో నుంచి వస్తూ పాత ఇనప ముక్కలు రెండు తెచ్చి, పట్టుకోవడానికి వీలుగా పిడి కూడా అతికించి ఇచ్చాడు. "ఇదిగో నీ జిమ్ము" అన్నాడు. నేను ఎత్తుతుంటే పక్కనే నిలబడి పళ్లు బిగబట్టి తను కూడా ఎత్తుతున్నట్టు మొహం పెడతాడు.

నిన్న మీ ఆసుపత్రిలో స్కానింగు చేశారు. నిన్ను పైకి వచ్చి కలుద్దామంటే అన్నయ్యకు పరీక్షలేవో ఉన్నాయి, రావొద్దన్నావు. రిపోర్టు ఎప్పుడొస్తుంది?

ఇంకో మాట. అన్నయ్య నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది? ఎప్పుడు చేసినా నిద్ర అంటున్నావు. మనిషన్నవాడు అంతసేపు నిద్రపోతాడా? ఏం దాస్తున్నావు?

పిచ్చుక


ఆసుపత్రి, మూడో అంతస్తు
శుక్రవారం

పిచ్చుకా,

రిపోర్టు వచ్చింది. కొవ్వు కరిగింది, వాపు పోయింది. సర్జన్ చూసి "ఈ కాలేయం తీసుకోవచ్చు" అన్నాడు. డైటీషియన్ పిల్ల ఆ రిపోర్టు పట్టుకుని పక్క గదిలో వాళ్లక్కూడా చూపించింది.

ఇక దాచను. నువ్వు ఓవెన్ దగ్గర పడిపోయిన రోజున మీ ఆయన ఫోన్ చేస్తే ఎత్తింది నేను కాదు, మీ అన్నయ్య. ఆ సాయంత్రమే డాక్టర్లను పిలిపించి, "మా చెల్లి దగ్గర తీసుకోను. ఇంకెవరిదైనా దొరికితే సరే, లేకపోతే లేదు" అని చెప్పేశారు. కాళ్లు పట్టుకున్నాను. మూడ్రోజులు నాతోనూ మాట్లాడలేదు. నీ గొంతు వింటే ఒప్పుకోవాల్సి వస్తుందని ఫోన్ తీసుకోవడం మానేశారు.

నువ్వు ఆరోగ్యంగా తయారై ఎదురుగా నిలబడితే మనసు మారుతుందనుకున్నాను. అందుకే నీకు చెప్పలేదు. చెబితే మానేస్తావేమోనని. రోజురోజుకీ ఆయన తగ్గిపోతుంటే నేను గుడ్ల గురించి, చిక్కుళ్ల గురించి నీకు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను.

రా. నా వల్ల కాలేదు.

వదిన


ఇల్లు, వంటగది
సోమవారం

వదినా,

నిన్న నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే నువ్వు కారిడార్లో బెంచీ మీద కూర్చున్నావు. బయటికి వచ్చి "ఒప్పుకున్నాడు" అని మాత్రం చెప్పాను. నువ్వు ఏడుపులో ఇంకేమీ అడగలేదు. లోపల ఏం జరిగిందో నీకు చెప్పొద్దని అన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు నాకు దాచావు కదా, నేను కూడా నీకు దాచడం మొదలుపెడితే ఇక మనమధ్య మిగిలేదేముంది? అందుకే రాస్తున్నాను.

నన్ను చూసి గుర్తుపట్టలేదు వదినా. "ఎవరండీ?" అన్నాడు. మళ్లీ మతి తప్పిందేమో అనుకున్నాను. కాదు, నిజంగానే పోల్చుకోలేదు. "నేను పిచ్చుకను అన్నయ్యా" అంటే చాలాసేపు చూసి, "సగమే వచ్చావే. మిగతాది ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

నీ కోసమే తగ్గాను, ఇప్పుడొద్దంటే నేనేం కావాలి, నా మీద జాలిపడ్డావా అని గట్టిగానే అరిచాను. నీకు వినపడే ఉంటుంది. కళ్లు మూసుకున్నాడు. "జాలి కాదే. మీ వదిన ఏదో పెద్ద మనసు అనుకుంటోంది. అనుకోనీ. నాకు భయం" అన్నాడు.

"దేనికి?"

"మత్తు ఇస్తారు కదా. మళ్లీ లేవనేమోనని."

"పాతిక అంతస్తుల షాఫ్టులో వేలాడేవాడివి కదా, అప్పుడు లేదా భయం?"

"అక్కడ తాడు నేనే కట్టుకునేవాణ్ని" అన్నాడు.

మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఎంత తేలికగా ఉందో. నేను కూడా భయపడుతున్నానని చెప్పాను. మా ఆయనకు చెప్పలేదు, నీకు చెప్పలేదు, అన్నయ్యకు చెప్పాను. ఇద్దరం పక్కపక్క గదుల్లో భయపడదాం, ఒక్కడివే పడటం దేనికి అన్నాను. చివరికి "సరే పిచ్చుకా" అన్నాడు.

ఆపరేషను వచ్చే బుధవారం కాక పై బుధవారం కదా? జుట్టుకు నూనె పెట్టుకోవచ్చో లేదో కనుక్కో. పిచ్చి ప్రశ్న. అయినా కనుక్కో.

పిచ్చుక


ఆసుపత్రి, ఐసీయూ బయట
శనివారం

పిచ్చుకా,

నిన్నటి నుంచి జ్వరం. పొట్టలో నీళ్లకు ఇన్ఫెక్షను వచ్చిందట. అది తగ్గేదాకా ఆపరేషను చేయరు. బుధవారం లేదు. కిడ్నీలు కూడా నెమ్మదించాయంటున్నారు. "తగ్గితే వెంటనే చేసేద్దాం, మీ ఆడపడుచును సిద్ధంగా ఉండమనండి" అన్నాడు సర్జన్.

సిద్ధంగా ఉండు. వానలో తడవకు. జలుబు కూడా తెచ్చుకోకు. వేళకు తిను. పడుకో.

నన్ను గుర్తుపట్టారు ఇవాళ. పేరు పెట్టి పిలిచారు. అదొక్కటే రాయాలనిపించి రాశాను.

వదిన


ఇల్లు
సోమవారం

వదినా,

సిద్ధంగా ఉన్నాను. సంచి సర్దుకుని తలుపు పక్కన పెట్టాను. గుడ్లు తిన్నాను, నడిచాను, వేళకు పడుకున్నాను. బేకరీలో ఎవరో తుమ్మితే ఆ రోజంతా వాళ్ల దగ్గరికి పోలేదు. మా అమ్మాయికి దగ్గు వచ్చిందని దాన్ని పక్కింట్లో పడుకోబెట్టాను. అమ్మా, నన్నెందుకు పంపేస్తున్నావని ఏడ్చింది. తలుపు తీయలేదు.

ఎప్పుడంటే అప్పుడు వస్తాను. జ్వరం తగ్గిందని ఒక్కమాట చెప్పు. ఉత్తరం కాదు, ఫోన్ చేయి. నీ గొంతు వింటే పెట్టేయను.

పిచ్చుక


మా ఇల్లు
ఆదివారం

పిచ్చుకా,

నువ్వు వెళ్లి నెల దాటింది. నువ్వున్నన్ని రోజులూ ఇంట్లో మనుషులుండేవాళ్లు. ఇప్పుడు కుళాయి చుక్క పడినా ఉలిక్కిపడుతున్నాను.

ఆయన పనిముట్ల పెట్టె కంపెనీ వాళ్లకు ఇచ్చేశాను. బట్టలు ఇవ్వలేకపోయాను. రెండు రకాలున్నాయి బీరువాలో, ఒళ్లు బాగున్న కాలంవి, పొట్టకు నీళ్లు పట్టాక కొన్న పెద్ద చొక్కాలు. మొదటివే ఇవ్వబుద్ధి కాదు అనుకున్నాను. రెండోవి కూడా ఇవ్వబుద్ధి కావడం లేదు.

ఆ బుధవారం పొద్దున జ్వరం కాస్త దిగిందని నీకు ఫోన్ చేశాను. ఆశ పెట్టాను. నువ్వు సంచి పట్టుకుని బస్సులో ఉండగానే పోయారు. నువ్వు మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి, ఆయాసం లేకుండా నిలబడి, "ఏ గదిలోకి వెళ్లాలి?" అని అడిగావు. ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

నేను వంట చేయడం లేదు. రొట్టె తింటున్నాను. ఒకరోజు అదీ లేదు. నీకు అన్నేసి మాటలు రాసిన దాన్ని. ఎవరి కోసం సగం కంచం కూర, సగం కంచం అన్నం పెట్టుకోవాలో తెలియడం లేదు.

నీ పిత్తాశయం రాళ్ల సంగతి అశ్రద్ధ చేయకు. కాలేయం పరీక్ష కూడా చేయించుకో.

వదిన


బేకరీ వెనక గది
చలి మొదలైన శనివారం

వదినా,

పరీక్ష చేయించుకున్నాను. నా కాలేయం చాలా బాగుందట. డాక్టరమ్మ లేచి నిలబడి చెయ్యి కలిపింది. బయటికి వచ్చి బస్ స్టాపులో కూర్చున్నాను. ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్లింది. ఇంకోటి వచ్చింది. బాగుంది అన్న మాటను ఎక్కడికి పట్టుకెళ్లాలో తెలియక కూర్చున్నాను.

నీకు నిజం రాస్తానన్నాను కాబట్టి చెబుతున్నాను. అన్నయ్య పోయాక మీ ఇంటి నుంచి తిరిగొచ్చిన వారంలో ఒకరోజు షాపు మూసేముందు ఒక కేకు మొత్తం తిన్నాను. చేత్తోనే తిన్నాను. ఏడుస్తానేమో అనుకున్నాను, రాలేదు. రుచి కూడా తెలియలేదు. మర్నాడు మామూలుగా గుడ్లు తిని పనిలోకి వచ్చాను. ఇప్పటికీ అలాగే తింటున్నాను, నడుస్తున్నాను. మంచిదని కాదు. ఆపాలంటే ఆపడానికి కూడా ఒక ఓపిక కావాలి, అది లేదు. పట్టాల దాకా వెళ్లి వస్తాం. మా అమ్మాయి ఇప్పుడు ఎక్కడికెళ్తున్నామని అడగదు.

నీకు సలహా చెప్పేంత దాన్ని కాదు. నిన్న ఏం తిన్నావో రాయి. రొట్టె అయితే రొట్టె అని రాయి. నేనేమీ అనను.

ఇవాళ షాపులో ఒకటి జరిగింది. ఎప్పుడూ వచ్చే ఒకావిడ, లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కుతుంది. కౌంటరు మీదుగా నా చెయ్యి పట్టుకుంది. "మీరు ఎలా ఉండేవారు, ఎలా అయ్యారు! ఏం చేశారో చెప్పండి తల్లీ, నేను చచ్చిపోయేలా ఉన్నాను" అంది. ఆవిడ చెయ్యి చెమటగా ఉంది. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతోంది.

చెప్పాను. వెనక జనం ఆగి ఉన్నా అన్నీ చెప్పాను. తాగే చక్కెర మానండి, కూర ఎక్కువ పెట్టుకోండి, నెమ్మదిగా తినండి, తిన్నాక నడవండి, కడుపు మాత్రం మాడ్చుకోకండి, తొందరపడకండి అన్నాను. నీ మాటలే, ఒక్కటి కూడా వదల్లేదు. ఆవిడ వేళ్లు మడుస్తూ విన్నది. "ఇంత పట్టుదల ఎలా వచ్చిందమ్మా మీకు? దేనికోసం మొదలుపెట్టారు?" అంది.

ఆవిడ మొహం చూస్తే ఎంతో ఆశగా ఉంది.

"ఊరికేనండీ" అన్నాను.

పొట్లం కట్టి ఇచ్చాను. తరువాత వాళ్లు రండి అని పిలిచాను.

పిచ్చుక